బెల్టు మోయని బరువు

క్రేన్ క్యాబిన్,
నా కుర్చీలోంచి

వదినకు,

ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. గాలి ఎక్కువైతే క్రేన్ ఆపేయాలి. మనిషి మాత్రం దిగకూడదు, అది ఎప్పుడు తగ్గుతుందా అని కాచుకుని కూర్చోవాలి. ఫోన్లు కింద పెట్టెలో పెట్టి తాళం వేస్తారు కాబట్టి కాగితం తీశాను. ఒకందుకు ఇదే నయం. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం తగులుతావు, కాగితం మీద నీకు ఆ సౌకర్యం లేదు.

మాకు కొత్త భద్రతాధికారి వచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా. పైకెక్కేవాళ్ళం నడుముకీ భుజాలకీ ఒక బెల్టు తగిలించుకుంటాం, కాలు జారితే పట్టుకునేది. అది ఎంత బరువు మోయగలదో లోపలివైపు రాసి ఉంటుందట. ఇన్నేళ్ళూ ఎవరూ చదవలేదు, ఈయన చదివాడు. అందరినీ వరసగా నిలబెట్టి తూచాడు. నేను దానికంటే పద్నాలుగు కిలోలు ఎక్కువ తేలాను. ఆరు నెలలు గడువిచ్చాడు, అప్పటిదాకా రెండో తాడు కూడా కట్టుకుని ఎక్కమన్నాడు. ఈలోగా తగ్గకపోతే సామాన్ల గదిలో కూర్చుని చేతి తొడుగులు పంచాలి.

నవ్వకు వదినా. ఆ గది అంటే నాకు నిజంగా భయం. కింద ఉంటే మనుషులు ముందు నా ఒళ్ళు చూస్తారు, ఆ తర్వాత తీరికుంటే నన్ను చూస్తారు. పైన నేను ఎవరికీ కనపడను. నా కొక్కెం కనపడుతుంది, అది ఎంత నెమ్మదిగా దిగుతుందో కనపడుతుంది. ఇనప దూలాన్ని గుడ్డులా దించుతుందని మా మేస్త్రీ అంటాడు. ఆ మాట కోసమే రోజూ ఇంత నిచ్చెన ఎక్కుతున్నాను. ఆ కుర్చీ మాత్రం వదలను.

అన్నయ్య చెప్పాడు, నువ్వు ఆకుల్లోంచి ఏదో పొడి తీసి కొవ్వు కరిగిస్తున్నావట. ఒక సీసా పంపు. ఇంట్లో ఇంత చదువు పెట్టుకుని నేను పరాయివాళ్ళ ముందు చెయ్యి చాపాలా?

నీ పిట్ట


ప్రయోగశాల,
కిటికీ లేని గది

పిట్టా,

మీ అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు, ఒక్కరోజూ వేళకి ఇంటికి రాడు. నా పని గురించి ఆయన చెప్పేది కూడా అలాగే ఉంటుంది. అసలు సంగతి నేను చెబుతాను.

ఇక్కడ గాజు గిన్నెల్లో కొవ్వు కణాలు పెంచుతాం. కొన్ని గిన్నెల్లో టీ ఆకు సారం, కొన్నింట్లో ఉల్లిపొట్టు సారం, ద్రాక్షతొక్క సారం వేస్తాం. సారం పడిన చోట కణాలు కొవ్వు తక్కువ దాచుకుంటున్నాయి. ఎలుకల్లోనూ కొంత కనిపించింది. ఇంతవరకూ నిజం. కానీ గిన్నెలో ఉన్న కణానికి నోరు లేదు, పేగు లేదు, కాలేయం లేదు. అదే సారం మనిషి మింగితే ఒంటికి పట్టేది కొంచెమే, ఆ కొంచెం కూడా కాలేయంలో రూపం మారిపోతుంది. మనుషుల మీద చేసిన పరీక్షలు చూస్తే ఒకచోట కాస్త తగ్గినట్టుంది, ఇంకోచోట ఏమీ లేదు. ఎంత మోతాదు మంచిది, ఎంత దాటితే చెడ్డది అనేది ఇంకా తేలలేదు. అందుకని పంపను. కోపం వస్తే రానీ.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఇది నీ తప్పు కాదు. బీపీ, షుగరు లాగా ఇదీ ఒక జబ్బు, దీనికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. వెళ్ళి చూపించుకో. నువ్వు రోజంతా ఏం తింటావో, ఎప్పుడు తింటావో నాకు రాయి. మీ అన్నయ్యని అడిగితే "అది చిన్నప్పటి నుంచీ అంతే" అంటాడు, ఆ మాట నాకెందుకూ పనికిరాదు.

వదిన


క్రేన్ క్యాబిన్

వదినా,

సీసా అడిగితే పాఠం పంపావు. సరే, పాఠం చదివాను, డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. వరండాలో అందరి ముందూ తూచారు. నర్సు నా అంకెని వేలంపాటలా గట్టిగా చదివింది. బెంచీ మీద వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. లోపల డాక్టరు తల ఎత్తకుండానే "తక్కువ తినండి, కాస్త నడవండి" అన్నాడు. "నేను రోజూ నిచ్చెన ఎక్కి ఆకాశంలోకి పోతాను మహానుభావా" అన్నాను. ఆయన వినలేదు, అప్పటికే తర్వాతి మనిషిని పిలిచేశాడు. ఇక ఆ గుమ్మం తొక్కను.

ఏం తింటావని అడిగావు కదా. పగలు ఏమీ తినను, నీళ్ళు కూడా తాగను. తాగితే దిగాలి, దిగితే కింద పని మొత్తం ఆగుతుంది, మేస్త్రీ మొహం మాడుతుంది. మగవాళ్ళు పైకి ఖాళీ సీసా తీసుకెళ్ళి సర్దుకుంటారు, నేనెలా సర్దుకోను చెప్పు. సాయంత్రం దిగగానే ముందు మరుగుదొడ్డి, ఆ తర్వాత వంటిల్లు. వంటింట్లో ఏముంటే అది, నిలబడే, గిన్నె అడుగు కనిపించేదాకా తింటాను. తిన్నాక నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇది అన్నయ్యకి చెప్పకు.

నువ్వేం బెంగపడకు. నా దారి నేను చూసుకున్నాను. ఏ దారని మాత్రం అడక్కు. అప్పుడే మూడు కిలోలు తగ్గాను.

పిట్ట


ఇల్లు, భోజనాల బల్ల

పిట్టా,

మూడు కిలోలు తగ్గావంటే సంతోషమే. ఆ దారి ఏమిటో చెప్పనంటున్నావు చూడు, అది నాకు నచ్చలేదు. నువ్వు దాచేది ఏదైనా ఎప్పుడూ నీ మీదికే వస్తుంది. పెళ్ళివారిని నాలుగేళ్ళు అన్నయ్యకి తెలియకుండా వెళ్ళగొట్టినదానివి, నీ సంగతి నాకు తెలియదా.

పొద్దంతా ఎండగట్టి రాత్రికి గండి కొట్టడం నీ లోపం కాదు, ఒళ్ళు అలాగే చేస్తుంది. ఎవరినైనా పద్నాలుగు గంటలు పస్తు ఉంచితే గిన్నె అడుగే చూస్తారు. నువ్వు మధ్యాహ్నం దిగాలి. ఆ కాసేపు క్రేన్ నడపడానికి ఇంకో మనిషిని అడుగు. పొద్దున ఉడికించిన చిక్కుడు గింజలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, రొట్టె, తొక్క తీయని పండు పెట్టుకుని వెళ్ళు. నేను గిన్నెల్లో వేసే సారాల్లాంటివే అందులో ఉన్నాయి, పీచుతో, నీటితో, ఎంత ఉండాలో అంతే. వాటితో బరువు రాలిపోతుందని చెప్పను. కడుపు మాత్రం నిండుతుంది.

ఇక్కడ కొన్ని గొడవలున్నాయి. డబ్బిచ్చేవాళ్ళు, డైరెక్టరు, ఎప్పుడూ ఉండేవే. నీకెందుకులే.

వదిన


క్రేన్ క్యాబిన్

వదినా,

ఏడు కిలోలు. ఇంకో ఏడు తగ్గితే ఆ అధికారి తన బెల్టు తనే వచ్చి నా నడుముకి కట్టాలి.

నీ చిక్కుడు గింజలు రెండు రోజులు తెచ్చుకున్నాను. తర్వాత వాటి అవసరమే లేకపోయింది, ఆకలి చచ్చిపోయింది. తిండి చూస్తే వికారంగా ఉంటోంది. నాకు తిండి చూస్తే వికారమంటే నమ్ముతావా? మధ్యాహ్నం మనిషిని అడిగితే మేస్త్రీ నవ్వాడు. "పదిహేనేళ్ళు లేని ఆకలి ఇప్పుడెక్కడిది" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

కాస్త నీరసం ఉంది. నిచ్చెన మధ్యలో రెండుసార్లు ఆగుతున్నాను. అరచేతులూ అరికాళ్ళూ ఒకటే దురద, తొడుగులు పడటం లేదేమో. మూత్రం కాఫీ రంగులో వస్తోంది, నీళ్ళు తాగను కదా. నా కళ్ళు పచ్చగా ఉన్నాయని మేస్త్రీ అన్నాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన, నీ కళ్ళు చూపించుకో" అన్నాను. అందరూ నవ్వారు.

డైరెక్టరుతో గొడవేంటి? నా కడుపులో మాటలన్నీ లాగుతావు, నీవి మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేస్తావు.

పిట్ట


ఇంటి గుమ్మం దగ్గర, నిలబడి

పిట్టా,

ఫోన్ చేశాను, అది కింద పెట్టెలో మోగుతోంది. మీ ఆఫీసుకి చేసి నిన్ను వెంటనే దింపమన్నాను. ఈ కాగితం మీ అన్నయ్య చేతికిచ్చి రైలెక్కిస్తున్నాను.

నువ్వు మింగుతున్నది ఏదైనా సరే ఈ క్షణం ఆపు. ఇంకొక్కటి కూడా వద్దు. దాని డబ్బా, మిగిలిన మాత్రలు అన్నయ్యకి ఇవ్వు, డాక్టర్లకి అవి కావాలి. దురద తొడుగుల వల్ల కాదు, ఆ రంగు నీళ్ళు తాగకపోవడం వల్ల కాదు. నీ కాలేయం దెబ్బతింటోంది. మూర్ఖంగా ఇంట్లో కూర్చోకు. నా మీద ఒట్టు, పెద్దాసుపత్రికి వెళ్ళు.

వదిన


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు

వదినకు,

బతికే ఉన్నాను. కాలేయం బాగా వాచిందట. ఇంకో రెండు వారాలు మింగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని వార్డు డాక్టరు అన్నారు. అన్నయ్య మంచం పక్క కుర్చీలో కూర్చుని గోడ గడియారం ఆలస్యంగా నడుస్తోందని నర్సుల ప్రాణం తీస్తున్నాడు. రాత్రి నేను నిద్రపోయాననుకుని ఏడ్చాడు. నీకు చెప్పొద్దన్నాడు.

ఇక నా దారేమిటో చెబుతాను. మందుల షాపులో ఆకుపచ్చ డబ్బా, టీ ఆకు సారం. రోజుకి రెండు గుళికలు అని రాసుంది. తొందర నాది, నాలుగు వేసుకున్నాను, పొద్దున్నే ఖాళీ కడుపుతో. ఖాళీ కడుపుతో అలాంటి చిక్కటి సారం పడితే కాలేయానికి మరీ ప్రమాదమట. నా కడుపు ఖాళీగా లేనిదెప్పుడు?

ఆ డబ్బానే ఎందుకు కొన్నానో అడగవేం? దాని వెనక "కొవ్వు కణాలపై పనిచేస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అని ఉంది. దాని కింద మీ ప్రయోగశాల పేరు. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఊళ్ళో అందరికీ అమ్ముతూ ఇంట్లోదానికి ఇవ్వడానికి మొహమాటపడుతోంది మా వదిన, ఎంత జాగ్రత్తమనిషో అనుకున్నాను. మన దీపమని ముద్దుపెట్టుకుంటే మీసాలు కాలకుండా ఉంటాయా?

ఆ డబ్బా సంగతి నీకు ముందే తెలుసా? అన్నయ్యని అడిగితే కిటికీ వైపు చూశాడు. నువ్వు చూడకు. తిన్నగా రాయి.


ప్రయోగశాల

పిట్టా,

తెలుసు.

ఆ సారం అమ్మే కంపెనీయే మా గది ఖర్చు సగం భరిస్తోంది. గిన్నెల ఫలితాన్ని డబ్బా మీద వేస్తామన్నారు. మనుషుల మీద తేలకుండా వేయొద్దన్నాను. "గిన్నెలో కొవ్వు తగ్గిందా, లేదా? తగ్గింది. ఇందులో అబద్ధం ఏముందమ్మా?" అన్నాడు డైరెక్టరు. అక్షరం అక్షరం చూస్తే అబద్ధం లేదు. నా పేరు మాత్రం వేయొద్దని పట్టుబట్టాను, వేయలేదు. అంతటితో నా చేతులు శుభ్రంగా ఉన్నాయనుకున్నాను. గొడవలున్నాయని నీకు రాసింది దీని గురించే. అప్పుడే డబ్బా సంగతి కూడా రాసి ఉంటే నువ్వు దాన్ని ముట్టుకునేదానివి కాదు. సిగ్గేసి రాయలేదు. గోడ మీద పిల్లిలా కూర్చున్నాను, కింద పడింది నువ్వు.

క్షమించమని అడగను, అది నీ ఇష్టం. నేను చేయబోయేది చెబుతాను. నీ వార్డు డాక్టరుతో మాట్లాడాను. నీకు జరిగింది ఇద్దరం కలిసి రాసి మందుల భద్రత చూసే కార్యాలయానికి పంపుతాం, వైద్యుల పత్రికకీ పంపుతాం. కింద నా పేరు ఉంటుంది, నేను ఎక్కడ పనిచేస్తానో ఉంటుంది, నువ్వు నాకేమవుతావో, కంపెనీ మాకేమవుతుందో కూడా ఉంటుంది. నీ పేరు ఉండదు. నువ్వు వద్దంటే ఆపేస్తాను. కానీ రాయనివ్వమని అడుగుతున్నాను, ఎందుకంటే ఆ డబ్బా ఈ పొద్దు కూడా ఎవరో కొంటున్నారు.

వదిన


ఇల్లు, వంటింటి గట్టు

వదినకు,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. ప్రతిసారీ నేనే గెలిచాను, అయినా తృప్తి లేదు. ఐదో రోజు నువ్వు అన్నయ్య చేత పంపిన సూపు డబ్బా మూత తీసి తాగాను. నీ చేతి వంటలో ఎప్పటిలాగే ఉప్పు లేదు. సరే, ఈ జన్మకి ఇంతే అనుకున్నాను.

రాయి. కానీ లావుపాటి ఆడది అత్యాశకి పోయి గుప్పెడు గుళికలు మింగిందని అర్థం వచ్చేలా ఒక్క ముక్క రాశావో, రైలెక్కి వచ్చి మీ గిన్నెలన్నీ పగలగొడతాను. క్రేన్ నడిపే మనిషి అని రాయి. పైన మరుగుదొడ్డి లేదు, మధ్యాహ్నం దింపే మనిషి లేడు, అందుకని పొద్దుటి నుంచీ ఖాళీ కడుపుతో ఉంది, ఆ ఖాళీ కడుపులో సారం పడింది అని రాయి. రెండు చెప్తే నాలుగు మింగిన సంగతి కూడా రాయి, దాచమనను. అన్నీ ఉండాలి.

వార్డు డాక్టరు నన్ను ఊబకాయానికే వైద్యం చేసే ఆవిడ దగ్గరికి పంపారు. ఆ గదిలోకి వెళ్ళగానే ఏడుపొచ్చింది వదినా. కుర్చీ చూసి. చేతులు లేని వెడల్పాటి కుర్చీ, నేను ఒదిగి కూర్చోనక్కర్లేదు. తలుపు వేసి తూచింది, అంకె బయటికి చదవలేదు. కాలేయం పూర్తిగా కుదుటపడ్డాక ఆకలిని అదుపులో ఉంచే ఇంజెక్షన్ వారానికొకటి మొదలుపెడతానంది, నెలనెలా రక్తం చూస్తానంది. తగ్గినవాటిలో నాలుగు కిలోలు వెనక్కి వచ్చేశాయి. "అవి తగ్గినవి కావు, జబ్బు తిన్నవి. ఇప్పుడు మొదలుపెడదాం" అంది.

ఉద్యోగం సంగతి, పైకి వెళ్ళనివ్వడం లేదు. సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. చేతి తొడుగులు పంచుతున్నాను. వచ్చినవాళ్ళు ముందు నా ఒళ్ళు చూస్తున్నారు, నేను అనుకున్నట్టే. గడువు ఇంకా ఉంది. నేను పైకి వెళ్ళి తీరతాను.

పిట్ట


ప్రయోగశాల, ఇప్పుడు నేలమాళిగ

పిట్టా,

నువ్వు చెప్పినట్టే రాశాం, నీ మాటలు చాలావరకు అలాగే ఉంచాం. ఖాళీ కడుపు సంగతి డాక్టర్లందరూ అడిగి తెలుసుకోవాలని పత్రికవాళ్ళు దాన్ని మొదటి వాక్యంలోకి తెచ్చారు. భద్రత కార్యాలయం నుంచి కబురొచ్చింది, అలాంటివే ఇంకా కొన్ని వాళ్ళ దగ్గరికి వచ్చి ఉన్నాయట. డబ్బా మీద మా పేరు, ఆ వాక్యం తీసేయమన్నారు. కాలేయం గురించి హెచ్చరిక వేయమన్నారు.

కంపెనీ డబ్బు ఆపేసింది. డైరెక్టరు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి కదా, నన్ను నేలమాళిగలోకి మార్చాడు. పాత ఫ్రీజరు ఒకటి, మంచి బల్ల ఒకటి ఉన్నాయి. మీ అన్నయ్య వచ్చి చూసి "ఇక్కడైతే నువ్వు ఎవరి మాటా వినక్కర్లేదు" అన్నాడు. ఆయన జీవితంలో వేళకి అన్న మాట అదొక్కటే.

నేను పని మానలేదు. ఇప్పుడు గుళిక కాదు, తిండే పరీక్షిస్తాను. డాక్టరు ఇచ్చే మందు వాడుతూ, చిక్కుడు గింజలు, ఉల్లి, ఆకుకూరలు, తొక్కతో పండు పనివేళ మధ్యలో కూర్చుని తినేవాళ్ళు ఒక పక్క. మందు ఒక్కటే వాడేవాళ్ళు ఇంకో పక్క. మొక్కల్లోని ఆ పదార్థాలు మందుకి ఏమైనా తోడవుతాయా, తగ్గిన బరువుని నిలబెడతాయా, కాలేయానికి ఏ హానీ లేదా అని రెండేళ్ళు చూస్తాం. సున్నా రావచ్చు. సున్నా వస్తే సున్నా అనే రాస్తాను. ఊరి ఆసుపత్రి ఒప్పుకుంది. నీలా ఎత్తుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా చేరతారేమో అడుగు. నిన్ను మాత్రం తీసుకోను, చుట్టానివి.

తూకం ఎప్పుడు?

వదిన


క్రేన్ క్యాబిన్

వదినకు,

పైన చూశావు కదా ఎక్కడి నుంచి రాస్తున్నానో. వరసగా చెబుతాను, తొందరపడకు.

తూకం అయి పది రోజులైంది. ఇంజెక్షన్లు మొదలయ్యాక నిజంగానే తగ్గుతున్నాను, ఆకలి మనిషి ఆకలిలా ఉంది. అయినా బెల్టు బరువు కంటే ఇంకా ఆరు కిలోలు ఎక్కువ. భద్రతాధికారి తూకం ముల్లు చూశాడు, నన్ను చూశాడు. పాపం, చెడ్డవాడేం కాదు. "సారీ అమ్మా, నిబంధన" అన్నాడు.

అప్పుడు నా చేతిలో పుస్తకం ఆయన ముందు పెట్టాను. బెల్టులు చేసే కంపెనీ పంపే సామాన్ల పుస్తకం అది. చేతి తొడుగులు పంచడం ఎంతసేపు, మిగిలిన పొద్దంతా తీరిక కదా, అల్మారాలో ఉన్నవన్నీ చదివాను. మేం వాడే బెల్టు పేజీ తిప్పితే పక్కనే ఇంకోటి ఉంది. అదే రకం, ఇంకా గట్టి తాడు, నా పాత బరువు కంటే కూడా ఎక్కువ మోస్తుంది. ఫోన్ చేస్తే వారంలో పంపుతారు. ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఫోన్ చేశాడు. బెల్టు వచ్చింది, ఇసక బస్తాలు వేలాడదీసి పరీక్షించారు, ఈ పొద్దున అది కట్టుకుని ఎక్కాను.

ఇంజెక్షన్లు మానను. మోకాళ్ళు నావి, కాలేయం నాది, వాటికోసం తగ్గుతాను, ఎంత కాలం పట్టినా సరే. మధ్యాహ్నం నన్ను దింపడానికి మనిషిని ఇచ్చారు. పత్రికలో వచ్చింది మేస్త్రీకి చదివి వినిపించాను, ఆ తర్వాత ఆయన నవ్వలేదు. ఆ మనిషి నిచ్చెన ఎక్కేసరికి ఆయాసపడి నన్ను తిట్టుకుంటాడు. అతనూ, ఇంకో ఇద్దరూ నీ పరీక్షలో చేరతామన్నారు. ఉప్పు లేని వంట పెట్టనని ముందే మాట ఇవ్వమంటున్నారు.

ఒక్కటి మాత్రం నీకు చెప్పకుండా ఉండలేను. పొద్దున కొత్త బెల్టు బిగిస్తూ ఆ అధికారి అడిగాడు, "ఈ మాట ఆరు నెలల ముందే ఎందుకు అడగలేదమ్మా?" అని.

"మీరు మాత్రం వెతికారా సార్?" అన్నాను. "బెల్టు చాలలేదంటే తప్పు నా ఒంటిదే అని మీరనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. అనుకుని చావు దాకా వెళ్ళొచ్చాను."

ఆయన బెల్టు పట్టీ ఇంకోసారి లాగి చూసి, పక్కకి జరిగాడు. నేను నిచ్చెన ఎక్కాను.

పిట్ట